కన్సోల్‌ని పెన్‌డ్రైవ్‌లా వాడబోతే మూడు కంప్యూటర్లు మూడు మాటలు చెబుతున్నాయి

ఏడో_లెవెల్ (ప్రశ్న)

లైనక్స్ మీద నడిచే చిన్న చేతి కన్సోల్ ఒకటి వాడుతున్నాను. దాని కెర్నెల్ (లైనక్స్ లోపలి అసలు భాగం) 4.4. పాత గేములన్నీ లోపలున్న 64 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డులోనే ఉంటాయి. ఆ కార్డు స్లాట్ ఎంత బిగుతంటే, గోరు విరిగేలా నొక్కితే గానీ కార్డు బయటికి రాదు. వచ్చినప్పుడు మాత్రం బాణంలా వస్తుంది. పోయిన వారం అలాగే ఎగిరి బీరువా కిందికి పోయింది. టార్చి వేసుకుని వెతుక్కున్నాక ఒట్టు పెట్టుకున్నాను, ఇక కార్డు తియ్యను, కేబుల్ గుచ్చగానే పెన్‌డ్రైవ్‌లా కనపడేట్టు చేసుకుంటానని.

ఈ కన్సోల్ మెనూలో యూఎస్‌బీ డిస్క్ మోడ్ అనేది లేదు. వెతికితే ఎవరో రాసిపెట్టిన పది లైన్ల స్క్రిప్టు దొరికింది. కన్సోల్‌ని కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్‌లా చూపించే, కెర్నెల్‌లోనే ఉన్న మాస్ స్టోరేజ్ గాడ్జెట్‌ని లోడ్ చేసి, దానికి కార్డు పేరు ఇస్తుంది, అంతే. దాన్ని మెనూలో ఒక గేములా పెట్టుకుని నడిపాను.

లైనక్స్ ల్యాప్‌టాప్‌కి గుచ్చితే మూడు డ్రైవులు కనపడ్డాయి, అన్నీ తెరుచుకున్నాయి. పన్నెండు గేములు కాపీ చేశాను. విండోస్‌కి గుచ్చితే ఏవో బూట్ ఫైళ్లున్న బుల్లి డ్రైవ్ ఒకటి తెరుచుకుంది, దాని వెనకే డిస్క్ ఫార్మాట్ చెయ్యాలి అంటూ రెండు పెట్టెలు వచ్చాయి. కంగారులో ఎంటర్ కొట్టేవాణ్ణే. మ్యాక్‌లో అయితే ఈ డిస్క్ చదవలేను అని, పక్కనే ఇనిషియలైజ్ అనే బటన్.

ఇంతవరకైతే సర్దుకునేవాణ్ణి. మర్నాడు కన్సోల్ ఆన్ చేస్తే కొత్త గేముల్లో ఐదింటి పేర్లే కనపడ్డాయి. అందులో రెండు తెరిస్తే నల్ల స్క్రీన్. అన్నిటికంటే ఘోరం, ప్లేస్టేషన్ 1 గేము ఒకటి 41 గంటలు ఆడి ఉన్నాను, దాని సేవ్ మాయం. ఫైలే లేదు. కంప్యూటర్లు మూడూ బాగానే ఉన్నాయి, కేబులూ బాగానే ఉంది. తప్పెక్కడ జరిగిందో ఎవరైనా చెప్పగలరా?

కేబుల్_చిక్కు

కేబుల్ మార్చి చూశారా అండీ? చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి ఉంటాయి, వాటిలో డేటా తీగలుండవు.

ఏడో_లెవెల్

అలాంటి కేబుల్ అయితే లైనక్స్‌లో కూడా కనపడదు కదండీ. పన్నెండు గేములు దాని మీదే కాపీ అయ్యాయి.

పాత_ప్లాస్టిక్

ముందు ఒక పని మానెయ్యండి. ఆ కన్సోల్‌ని ఆన్ చెయ్యకండి. కారణం చెప్పేలోపు మీరు ఇంకో గేము ఆడతారేమోనని ఇది మొదటే రాస్తున్నా. ఇలాంటప్పుడు పోయాయనుకున్న ఫైళ్లు చాలాసార్లు అక్కడే ఉంటాయి, పేరు మాత్రమే పోతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ కన్సోల్ ఏదో ఒక లాగ్, ఏదో ఒక ఆటోసేవ్ రాస్తుంది. ఆ రాసేది మీ 41 గంటల మీదే పడొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మీ స్క్రిప్టులో డిస్క్ పేరు రాసే చోట కార్డు మొత్తం పేరుంటుంది, చివర పీ3 లాంటి పార్టిషన్ నంబరు ఉండదు. తీసి చూడండి, నేను చెప్పింది తప్పయితే నన్ను తిట్టండి. అంటే మీరు కంప్యూటర్‌కి ఒక గది కాదు, ఇల్లంతా అప్పజెప్పారు. బూట్ పార్టిషన్, సిస్టమ్ పార్టిషన్, గేముల పార్టిషన్, మూడూ. ఫైళ్లని అమర్చే పద్ధతి, అంటే ఫైల్‌సిస్టమ్, వాటిలో మొదటిదానికే ఫ్యాట్, మిగతా రెండిటికీ ఈఎక్స్‌టీ4. లైనక్స్‌కి ఈఎక్స్‌టీ4 ఇంటి భాష. విండోస్, మ్యాక్ దాన్ని సొంతంగా చదవవు, అందుకే ఒకటి ఫార్మాట్ అంటోంది, ఇంకోటి ఇనిషియలైజ్ అంటోంది. మూడు కంప్యూటర్లు చెప్పేది ఒకటే మాట, మీకు మూడుగా వినపడింది.

కానీ మీ కొంప ముంచింది విండోసూ కాదు, మ్యాకూ కాదు. అంతా బాగానే జరిగిందనుకున్నారే, ఆ లైనక్స్ ల్యాప్‌టాప్ దగ్గరే మునిగింది.

మాస్ స్టోరేజ్ పద్ధతిలో ఫైలు అనే మాటే లేదు. ఫలానా గేము ఇవ్వు అని కంప్యూటర్ అడగదు. కార్డుని 512 బైట్ల గళ్లుగా చూసి, ఫలానా నంబరు గడి చదువు, ఫలానా నంబరు గడిలో ఇది రాయి అంటుంది. ఏ గడిలో ఏ ఫైలుందో, ఏ గడి ఖాళీయో లెక్క చూసుకునే బాధ్యత కంప్యూటర్‌దే. ఆ సమయంలో మీ కన్సోల్ కూడా అదే కార్డుని మౌంట్ చేసుకుని, అంటే వాడకానికి తెరిచి పెట్టుకుని, తన లెక్క తను చూసుకుంటోంది. ఒకే పద్దు పుస్తకానికి ఇద్దరు గుమాస్తాలన్నమాట. ఇద్దరూ పొద్దున్నే పుస్తకం చూసి లెక్క బుర్రలో పెట్టుకున్నారు. సాయంత్రం ఎవరి బుర్రలో ఉన్నది వాళ్లు రాసేశారు. ఒకడు రాసింది ఇంకొకడికి తెలీదు. కడపట రాసినవాడి లెక్క నిలిచింది, రెండోవాడి గేములూ సేవులూ గాలికి పోయాయి.

పీఎస్‌పీ వాడిన రోజుల్లో నాకో విసుగుండేది. జపాన్‌లో 2004 చివర్లో వచ్చిన కన్సోల్ అది. సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ కనెక్షన్ నొక్కగానే స్క్రీన్ మీద యూఎస్‌బీ మోడ్ అని చూపిస్తూ కూర్చునేది. గేము ఆడనిచ్చేది కాదు, పాట విననిచ్చేది కాదు. పక్కన ఫైళ్లు కాపీ అవుతుంటే నేను ఆడుకోకూడదా అని తిట్టుకునేవాణ్ణి. ఇలాంటి స్క్రిప్టు నేనే రాసి, నా కార్డు నేనే పాడు చేసుకున్నాక అర్థమైంది దాని గొప్పతనం. కంప్యూటర్ చేతిలో ఉన్నంతసేపు మెమరీ స్టిక్‌ని అది ముట్టుకునేది కాదు. పైగా అందులో ఉన్నది ఫ్యాట్. అందుకే డ్రైవర్ వేసుకోకుండా ఏ కంప్యూటర్‌లో గుచ్చినా తెరుచుకునేది. మీరు చెయ్యాల్సింది ఆ రెండు పనులే.

సేవ్ సంగతి ముందు తేల్చుకోండి. ఒట్టు తీసి గట్టున పెట్టి, కార్డు ఇంకొక్కసారి బయటికి తియ్యండి. బీరువా దూరంగా ఉన్న చోట. రీడర్‌లో పెట్టి, మౌంట్ చెయ్యకుండా, కార్డు మొత్తాన్ని డీడీ అనే కాపీ కమాండ్‌తో ఒక ఇమేజ్ ఫైలుగా, అంటే అచ్చు నకలుగా, ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి. ఆ ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసి, దాని మీద ఫైల్‌సిస్టమ్ తప్పులు సర్దే ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ నడపండి. కార్డు మీద నేరుగా వద్దు. పేరు పోయిన ఫైళ్లని అది లాస్ట్+ఫౌండ్ అనే ఫోల్డర్‌లో నంబర్లతో పోగేస్తుంది. అక్కడ ఏది ఏదో తెలీక చాలామంది వదిలేస్తారు. మీకో ఆనవాలుంది. ప్లేస్టేషన్ 1 మెమరీ కార్డు ఎప్పుడూ 128 కేబీనే, అంటే సరిగ్గా 1,31,072 బైట్లు, మొదటి రెండు అక్షరాలు ఇంగ్లిష్‌లో ఎమ్, సీ. ఆ సైజుతో వెతకండి.

అది దొరికినా దొరక్కపోయినా, గేముల పార్టిషన్‌ని మళ్లీ ఫార్మాట్ చేసుకోవాల్సిందే. నా సలహా ఫ్యాట్32. ఎక్స్‌ఫ్యాట్ ఎందుకు కాదని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తా. లైనక్స్ కెర్నెల్‌లోకి ఎక్స్‌ఫ్యాట్ 2019 చివర్లో, 5.4తో మొదటిసారి వచ్చింది, 5.7లో సరైన డ్రైవర్ వచ్చింది. మీది 4.4. కెర్నెల్ బయట ఫైల్‌సిస్టమ్ నడిపే ఫ్యూజ్ పెట్టి నడపొచ్చు గానీ, ఆ చిన్న ప్రాసెసర్ మీద ఇంకో బరువు దేనికి? ఫ్యాట్32కి ఉన్న పెద్ద లోపం, ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. మీ గేముల్లో అంత పెద్దది ఏదుంది? ప్లేస్టేషన్ 1 సీడీ 700 జీబీ కాదు కదా, 700 ఎంబీ. పీఎస్‌పీ డిస్క్ ఎంత నిండినా 1.8 జీబీ. ఇంకోటి, ఫ్యాట్32లో ఆ పద్దు పుస్తకం రెండు ప్రతులుంటుంది, ఎక్స్‌ఫ్యాట్‌లో మామూలుగా ఒకటే. నాకు ఆ రెండో ప్రతి మీద మమకారం. విండోస్‌లో ఫార్మాట్ పెట్టె 32 జీబీ దాటిన పార్టిషన్‌కి ఫ్యాట్32 చూపించకపోతే కంగారు పడకండి. అది ఆ పెట్టెకి పెట్టిన హద్దు, ఫ్యాట్32 హద్దు కాదు. లైనక్స్‌లో చేసుకుంటే సరిపోతుంది.

కాపీ వెనక్కి వేసేటప్పుడు రెండు చోట్ల తగులుకుంటారు. పేరులో కోలన్, ప్రశ్న గుర్తు ఉన్న ఫైళ్లని ఫ్యాట్ ఒప్పుకోదు, పేరు మార్చాలి. షార్ట్‌కట్ లింకులు, ఎగ్జిక్యూట్ పర్మిషన్లు ఫ్యాట్‌లో ఉండవు కాబట్టి, స్క్రిప్టుతో మొదలయ్యే పోర్టు గేములు ఏవైనా ఉంటే వాటిని సిస్టమ్ పార్టిషన్‌లోనే ఉంచండి.

ఇక స్క్రిప్టు. ముందు గేముల మెనూ ప్రోగ్రామ్‌ని ఆపాలి, అది గేముల ఫోల్డర్‌ని పట్టుకుని కూర్చుంటుంది. తర్వాత గేముల పార్టిషన్‌ని అన్‌మౌంట్ చెయ్యాలి. బిజీ అని వస్తే స్క్రిప్టు అక్కడే ఆగిపోవాలి, ముందుకి పోకూడదు. కొందరు లేజీ అన్‌మౌంట్ అనే ఆప్షన్ పెట్టి ఆ ఎర్రర్ రాకుండా చేస్తారు. అది మోసం. పేరు కనపడకుండా పోతుంది తప్ప, ఫైళ్లు తెరుచుకున్న ప్రోగ్రామ్ ఉన్నంతసేపు లోపల మౌంట్ అలాగే ఉంటుంది. అన్‌మౌంట్ అయ్యాకే గాడ్జెట్‌ని లోడ్ చేసి, కార్డు మొత్తం కాకుండా ఆ ఒక్క పార్టిషన్ పేరు ఇవ్వండి, రిమూవబుల్ అన్నది 1 పెట్టండి. మూడు కంప్యూటర్లలోనూ ఒకే ఒక్క డ్రైవ్ వస్తుంది.

రిమూవబుల్ పెట్టమన్నది ఊరికే కాదు. అటు కంప్యూటర్‌లో ఎజెక్ట్ కొట్టగానే, ఇటు గాడ్జెట్ తన దగ్గరున్న డిస్క్ పేరుని ఖాళీ చేసేస్తుంది. సిస్ ఫోల్డర్‌లో లన్ (గాడ్జెట్ చూపించే డిస్క్) కింద ఫైల్ అనే చోట అది చూడొచ్చు. మీ స్క్రిప్టు రెండు సెకన్లకోసారి అది ఖాళీ అయిందా అని చూసి, అయ్యాకే గాడ్జెట్ తీసేసి, ఫ్యాట్ చెక్ ఒకసారి నడిపి, మళ్లీ మౌంట్ చేసి, మెనూ తెరవాలి. లైనక్స్ డెస్క్‌టాప్‌లో అన్‌మౌంట్ మాత్రమే కొడితే ఈ కబురు కన్సోల్‌కి అందదు, ఎజెక్టే కొట్టాలి. కాపీ గీత చివరికి వచ్చింది కదా అని కేబుల్ పీకొద్దు. కార్డు మీదికి ఇంకా చేరని డేటా ల్యాప్‌టాప్ మెమరీలోనే ఉండొచ్చు.

పాత_ప్లాస్టిక్

పైన 700 జీబీ కాదు కదా అని రాశాను, నవ్వుకోండి. ముందు నిజంగానే జీబీ అని కొట్టి, తర్వాత సర్దాను.

వైర్‌లెస్_వీరుడు

ఈ కాలంలో కూడా కేబులా? వై-ఫై ఉంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే ఎస్‌ఎఫ్‌టీపీ పెట్టుకోండి, కన్సోల్ నడుస్తుండగానే కాపీ అవుతుంది, ఫైల్‌సిస్టమ్ ఏదైనా పర్లేదు. లేదంటే ఫోన్లు కేబుల్ మీద ఫైళ్లు పంపే పద్ధతి, ఎమ్‌టీపీ.

పాత_ప్లాస్టిక్

మాట నిజమే. ఎమ్‌టీపీలో, ఎస్‌ఎఫ్‌టీపీలో కంప్యూటర్ గళ్లు అడగదు, ఫైళ్లు అడుగుతుంది. లెక్క కన్సోల్ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఇద్దరు గుమాస్తాల గొడవ లేదు, కార్డులో ఈఎక్స్‌టీ4 ఉన్నా ఎవరికీ పట్టదు. అయితే ఎమ్‌టీపీని విండోస్ సొంతంగా చదువుతుంది, లైనక్స్ డెస్క్‌టాప్‌లూ చాలావరకు చదువుతాయి, మ్యాక్‌లో విడిగా యాప్ వేసుకోవాలి. ఆయన అడిగింది ఎక్కడ గుచ్చినా పనిచేసేది. మీ ఒక్క ల్యాప్‌టాప్‌తోనే పనైతే మాత్రం వై-ఫై దారే హాయి, నేనూ రోజూ చేసేది అదే.

కొరికిన_పండు

మ్యాక్ వాడేవాణ్ణి కాబట్టి ఒకటి కలుపుతా. ఫ్యాట్ డ్రైవ్ మీదికి మ్యాక్ నుంచి కాపీ చేస్తే, చాలా ఫైళ్లకి పక్కన చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే తోక ఫైలు పుడుతుంది. ఫ్యాట్‌లో దాచుకోడానికి చోటు లేని అదనపు సమాచారం మ్యాక్ అందులో పెడుతుంది. మ్యాక్‌లో అవి కనపడవు. కన్సోల్ మెనూలో మాత్రం నిక్షేపంగా గేముల్లా కనపడతాయి. నాకు ముప్పై గేములు అరవై అయ్యాయి. ఎంత సంతోషించానో, ఒక్కోటి నొక్కి చూశాక అంత నీరసమొచ్చింది. టెర్మినల్‌లో డాట్ క్లీన్ అనే కమాండ్ ఉంది, ఎమ్ ఆప్షన్‌తో ఆ డ్రైవ్ మీద నడిపి, తర్వాత ఎజెక్ట్ చెయ్యండి. మ్యాక్‌లో ఫైళ్లు వెతికే స్పాట్‌లైట్ తన సూచిక ఫోల్డర్ కూడా అక్కడ పెట్టేస్తుంది, దానివల్ల నష్టమేమీ లేదు.

రెండు_రంధ్రాలు

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నా కన్సోల్‌లో రెండు టైప్-సీ పోర్టులున్నాయి. ఇదే గాడ్జెట్ లోడ్ చేస్తే ఎర్రర్ కూడా రాదు, కంప్యూటర్‌లో ఏమీ కనపడదు.

పాత_ప్లాస్టిక్

సిస్ కింద క్లాస్, దాని కింద యూడీసీ అనే ఫోల్డర్ చూడండి. అది ఖాళీగా ఉంటే మీ కన్సోల్ యూఎస్‌బీ పరికరంలా నటించలేదు. పోర్టుకి ఆ శక్తి లేకపోవచ్చు, లేదా కెర్నెల్‌లో దాని డ్రైవర్ ఆన్ చేసి ఉండకపోవచ్చు. అందులో ఏదైనా పేరుంటే రెండో పోర్టులో గుచ్చి చూడండి, సాధారణంగా ఓటీజీ అని రాసున్నదే పని చేస్తుంది. రెండు కొసలా టైప్-సీ ఉన్న కేబుల్ వాడుతుంటే, ఒక కొస మామూలు యూఎస్‌బీ-ఏ ఉన్నదానికి మారండి. రెండు పక్కలా టైప్-సీ అయితే ఎవరు యజమాని, ఎవరు పరికరం అన్నది ఆ రెండూ తేల్చుకోవాలి. కొన్ని కన్సోళ్లలో దానికి కావలసిన 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టరు, అప్పుడు అసలు కనెక్షనే మొదలవదు. కంప్యూటర్ వైపు యూఎస్‌బీ-ఏ కొస ఉంటే కంప్యూటరే యజమాని, వాదన లేదు.

రెండు_రంధ్రాలు

యూడీసీ ఖాళీ అండి. వైర్‌లెస్ వీరుడి దారి పట్టాను.

ఏడో_లెవెల్

మూడు రోజులు పట్టింది, అందుకే ఆలస్యం. మీరన్నట్టే స్క్రిప్టులో కార్డు మొత్తం పేరే ఉంది. తిట్టే అవకాశం ఇవ్వలేదు మీరు.

ఇమేజ్ తీసి, దాని కాపీ మీద ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే ఒక్కో ప్రశ్నకి ఎస్ కొట్టలేక వేలు నొప్పి పుట్టింది. అన్నిటికీ ఎస్ అనే ఆప్షన్ ఉందని సగంలో తెలిసింది. లాస్ట్+ఫౌండ్‌లో 37 ఫైళ్లు తేలాయి. సరిగ్గా 1,31,072 బైట్లున్నవి నాలుగు. నాలుగింటికీ మొదట ఎమ్, సీ ఉన్నాయి. ఒక్కోదాన్ని ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్‌కి మెమరీ కార్డుగా ఇచ్చి చూశాను. మొదటిది ఖాళీ. రెండోది కార్ల రేసు, ఎప్పుడు ఆడానో కూడా గుర్తులేదు. మూడోది తెరిచేసరికి నా పార్టీలో ముగ్గురూ నిలబడి ఉన్నారు, గడియారం 41 గంటల 8 నిమిషాలు. కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. దాన్ని ఇప్పుడు మూడు చోట్ల దాచాను.

గేముల పార్టిషన్ ఫ్యాట్32 చేశాను. స్క్రిప్టు మొదటిసారి నడిపితే బిజీ అని ఆగిపోయింది. చూస్తే మెనూలో వెనక పాట మోగించే ప్రోగ్రామ్ గేముల ఫోల్డర్‌లోని పాట ఫైలుని పట్టుకుని ఉంది. దాన్ని కూడా ఆపేలా రాశాక విండోస్, మ్యాక్, లైనక్స్, మూడింటిలోనూ ఒకే డ్రైవ్ వస్తోంది, ఫార్మాట్ పెట్టెలు లేవు. ఎజెక్ట్ కొట్టగానే మెనూ దానంతటదే తిరిగొస్తోంది.

ఒక్క అనుమానం మిగిలింది. కన్సోల్‌లో సేవ్ చేసిన ఫైళ్లన్నిటికీ విండోస్‌లో తేదీ 1980 జనవరి 1 అని చూపిస్తోంది. మళ్లీ ఏదైనా పాడైందా?

పాత_ప్లాస్టిక్

పాడవలేదు. మీ కన్సోల్‌లో గడియారాన్ని నడిపే బ్యాటరీ లేనట్టుంది, ఆపి ఆన్ చేసినప్పుడల్లా దాని లెక్క 1970కి పోతుంది. ఫ్యాట్‌కి 1980కి ముందు కాలం రాసుకోడానికి చోటే లేదు, అందుకని దానికి తెలిసిన మొట్టమొదటి రోజు వేస్తుంది. ఆడుకోడానికి అడ్డం కాదు. తేదీలు చూసి కొత్తది ఏదో తేల్చే సింక్ ప్రోగ్రాములతో మాత్రం ఆ సేవ్ ఫోల్డర్‌ని కలపకండి. ల్యాప్‌టాప్‌లో ఉన్న పాత సేవ్‌ని కొత్తదనుకుని, కన్సోల్‌లో ఉన్నదాని మీద రాసేస్తాయి.